ఆపితేనే పాఠం



కాలేజీల్లో ఈ మధ్య ఒకే ప్రశ్న రెండు వైపుల నుంచి వినిపిస్తోంది. "ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలే యూట్యూబ్‌లో ఉన్నాయి కద సార్, మళ్లీ క్లాసెందుకు?" అని విద్యార్థులు అడుగుతున్నారు. "వీడియోలు వచ్చాక మన మాట ఎవరు వింటున్నారండీ?" అని స్టాఫ్ రూమ్‌లో అధ్యాపకులు నిట్టూరుస్తున్నారు. రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. పాఠమంటే ఒకరు చెప్పడం, మిగతావాళ్లు వినడం. ఆ చెప్పే పని కాస్తా యంత్రం చేసిపెడితే తరగతిలో ఇక మిగిలేదేముంది అని. ఈ నమ్మకంలో పస ఎంతో ఈ పావుగంటలో చూద్దాం. రికార్డు చేసిన వీడియో పాఠాన్ని డిగ్రీ, ఇంజనీరింగ్ తరగతుల్లో ఎలా వాడితే అక్కరకొస్తుందో, ఎలా వాడితే దండగవుతుందో చెప్పుకుందాం.

ముందుగా ఒక పాత ప్రయోగం. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగింది. అక్కడి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన ఇంజనీరింగ్ పాఠాలను, తరగతి జరుగుతుండగానే, టెలివిజన్ ద్వారా చుట్టుపక్కల కంపెనీలకు అందించేది. ఉద్యోగం చేసుకుంటున్న ఇంజనీర్లు ఆఫీసులోనే కూర్చుని పాఠాలు విని పీజీ పూర్తి చేసేవాళ్లు. హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీకి శాంటా రోసా అనే ఊళ్లో కూడా ఇంజనీర్లున్నారు. ఆ ఊరికి ప్రసారం అందదు. మరి వాళ్ల చదువు సంగతేమిటి?

జేమ్స్ గిబ్బన్స్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ దీనికో దారి చూపారు. క్యాంపస్‌లో జరిగే తరగతిని ఉన్నది ఉన్నట్టు వీడియో టేపుకెక్కించి అక్కడికి పంపారు. రిహార్సల్ లేదు, ఎడిటింగ్ లేదు, హంగులసలే లేవు. ఒక్క ఏర్పాటు మాత్రం చేశారు. టేపు ఎవరూ ఒంటరిగా చూడరు. కొద్దిమంది ఒక జట్టుగా కూర్చుంటారు. జట్టుకొక ట్యూటర్ ఉంటాడు. ఆయన ఆ సబ్జెక్టులో ఉద్దండుడేమీ కాదు, తోటి ఇంజనీరే. ఎవరికి ఎక్కడ సందేహం వస్తే అక్కడ టేపు ఆపుతారు. మాట్లాడుకుంటారు, కాగితం మీద లెక్క వేసి చూసుకుంటారు, తేలాక మళ్లీ టేపు నడుపుతారు.

గిబ్బన్స్, ఆయన సహచరులు దీని ఫలితాలను 1977లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. శాంటా రోసాలో టేపు చూసి చదువుకున్నవాళ్లు, క్యాంపస్‌లో ఆ ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని విన్నవాళ్లకంటే మెరుగ్గా రాణించారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ప్రొఫెసర్ ఒక్కరే, ఆయన చెప్పిన మాటలూ అవే. తేడా అల్లా ఆపడంలో ఉంది. అరవైమంది ఉన్న తరగతిలో చెయ్యెత్తి "ఒక్క నిమిషం ఆగండి సార్, ఈ మెట్టు అర్థం కాలేదు" అనాలంటే గుండెధైర్యం కావాలి. పక్కవాళ్లు నవ్వుతారేమోనన్న జంకు ఉంటుంది. అవతల సిలబస్ పూర్తి చేయాలన్న తొందర మాస్టారికీ ఉంటుంది. టేపుకు ఆ తొందర లేదు. ఎన్నిసార్లు ఆపినా దానికి కోపం రాదు. ఆపిన చోట పక్కన మాట్లాడే మనిషి ఒకరున్నారు. ఈ రెండూ కలిసినందువల్లే ఆ సాదాసీదా టేపు అంత పనిచేసింది.

మన దేశంలోనూ బోధనకు తెర వాడాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టులో మొదలై ఏడాదిపాటు నడిచిన 'సైట్' ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వెళ్లాయి. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. 1984 ఆగస్టు 15న యూజీసీ వారి 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' దూరదర్శన్‌లో మొదలైంది. డిగ్రీ విద్యార్థుల కోసం మంచి మంచి కార్యక్రమాలు తయారయ్యాయి. కానీ ప్రసారం ఆగదు. మన తరగతి టైంటేబుల్‌కు తగినట్టు రాదు. వచ్చినప్పుడు చూడాలి, అర్థం కాకపోతే ఊరుకోవాలి. నేనిప్పుడు రేడియోలో చెబుతున్న ఈ మాటలకూ అదే ఇబ్బంది ఉంది. వెనక్కి తిప్పి వినడానికి మీకు వీలు లేదు.

2003లో ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్‌పీటెల్ అనే వీడియో పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాక, ఆ వీడియోలు యూట్యూబ్‌కెక్కాక, 2017లో స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక వచ్చాక పరిస్థితి తిరగబడింది. ఒకప్పుడు మంచి పాఠం దొరకడమే గగనం. ఇప్పుడు ఒక్క ఉష్ణగతిక శాస్త్రం మీదే చూడలేనన్ని పాఠాలు. ఏ క్షణానైనా ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, నెమ్మదిగా నడపొచ్చు. శాంటా రోసాలో టేపు మీద ఆ ఇంజనీర్లకున్న అధికారం నేడు మన జడ్చర్లలోనో నరసరావుపేటలోనో డిగ్రీ చదివే పిల్లల చేతిలోనూ ఉంది. మరి వాళ్లు ఆపుతున్నారా? చాలామంది ఆపడం లేదు. పరీక్ష ముందు రోజు రాత్రి రెట్టింపు వేగంతో పరుగెత్తిస్తున్నారు.

ఒంటరిగా వీడియో చూసే మనిషి ఏం చేస్తాడో పరిశోధకులు గమనించారు. 2014లో ఫిలిప్ గువో, ఆయన సహచరులు ఎడ్‌ఎక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో వీడియోలు చూసిన సుమారు 69 లక్షల సందర్భాలను పరిశీలించారు. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు దాని మీద మనసు నిలిపే సమయం సాధారణంగా ఆరు నిమిషాలు దాటడం లేదని తేలింది. గంటసేపటి తరగతిని రికార్డు చేసి ముక్కలు చేసినా, ప్రత్యేకంగా వీడియో కోసమే తయారుచేసిన చిన్న పాఠాలంతగా అవి ఆకట్టుకోలేదు. అచ్చు వేసిన స్లైడ్ల కంటే, మాట్లాడుతూ చేత్తో రాస్తూ పోయే పాఠాలనే ఎక్కువసేపు చూశారు. మన నల్లబల్ల పద్ధతికి ఇది మంచి కితాబే.

ఇంకో పరిశోధన మరీ ఆసక్తికరమైనది. 2013లో షానా కార్పెంటర్ బృందం ఒకే విషయం మీద రెండు చిన్న వీడియోలు తీసింది. మూడు రంగుల మచ్చలున్న పిల్లులు దాదాపు అన్నీ ఆడవే ఎందుకవుతాయన్నది ఆ విషయం. ఇద్దరు మనుషులు కాదు, చెప్పింది ఒక్కరే, మాటలూ అవే. ఒక వీడియోలో ఆవిడ నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, గడగడా చెప్పింది. రెండో దాంట్లో బల్ల మీదకు వంగి, కాగితంలో చూసుకుంటూ, తడబడుతూ చదివింది. "మీకు ఇందులో ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు?" అని విద్యార్థులనడిగారు. గడగడా చెప్పిన వీడియో చూసినవాళ్లు తమకు చాలా ఎక్కువ గుర్తుంటుందన్నారు. కాసేపాగి పరీక్ష పెడితే రెండు జట్లకూ వచ్చింది ఇంచుమించు సమానమే.

ఇది మనం తరచూ మరిచిపోయే విషయం. చెప్పేవారి ధాటి చూసి, మనకు వచ్చేసినట్టు అనిపిస్తుంది. గట్టు మీద కూర్చుని ఈత చూసినవాడికి "ఓస్, ఇంతేనా" అనిపించడం సహజం. నీళ్లలోకి దిగితే గాని తెలియదు. కోచింగ్ పాఠాల వీడియోల కింద "సూపర్‌గా అర్థమైంది సార్" అని రాసే పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. కాగితం, కలం ఇచ్చి "ఏదీ, వెయ్యి" అన్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

దీనికి విరుగుడు కూడా పరిశోధనల్లోనే ఉంది. 2013లో కార్ల్ స్పునార్, ఆయన సహచరులు గణాంక శాస్త్రం మీద 21 నిమిషాల వీడియో పాఠాన్ని నాలుగు భాగాలు చేసి చూపించారు. ఒక జట్టుకు ప్రతి భాగం తర్వాత చిన్న పరీక్ష పెట్టారు. మధ్యమధ్యలో పరీక్ష రాసినవాళ్ల మనసు అటూ ఇటూ పోవడం తగ్గింది. నోట్సు ఎక్కువ రాసుకున్నారు. చివరి పరీక్షలో బాగా చేశారు. శాంటా రోసాలో ట్యూటర్ చేసిన పనిని ఇక్కడ చిన్న ప్రశ్న చేసిపెట్టింది. వీడియో ఆగింది, వినేవాడు కాసేపు చేసేవాడయ్యాడు.

ఇక మన తరగతికి వద్దాం. నేను కెమిస్ట్రీ చెబుతాను కనుక, ప్రాక్టికల్స్ ల్యాబ్ నుంచే ఉదాహరణ తీసుకుంటాను. డిగ్రీ మొదటి ఏడాదిలో ఆమ్ల క్షార టైట్రేషన్ ఉంటుంది. బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, కోనికల్ ఫ్లాస్కులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో రెండు చుక్కల ఫినాఫ్తలీన్. లెక్చరర్ ఒకసారి చేసి చూపిస్తారు. చుట్టూ మూగిన ముప్పైమందిలో బ్యూరెట్ గీతలు కనిపించేది ముందున్న ఐదారుగురికే. వెనకున్నవాళ్లకు లెక్చరర్ వీపు కనిపిస్తుంది.

ఇదే పనిని సెల్‌ఫోన్‌తో, మన ల్యాబ్‌లో మన బ్యూరెట్‌తోనే, నాలుగైదు నిమిషాల వీడియో తీస్తే ఎలా ఉంటుంది? ద్రవం పైతలం కిందికి వంగిన చోట, కంటికి సమానంగా పెట్టి రీడింగ్ తీయడం దగ్గరగా కనిపిస్తుంది. బ్యూరెట్ నింపాక గరాటు తీసి పక్కన పెట్టాలని కనిపిస్తుంది. చివర్లో చుక్క చుక్కగా వదులుతుంటే ఫ్లాస్కులో గులాబీ రంగు మెరిసి మాయమవడం, ఇంకో చుక్కకు లేత గులాబీ రంగు అర నిమిషంపాటు నిలవడం కనిపిస్తుంది. రాణీ రంగు వచ్చిందంటే దాటిపోయామని పక్కనే ఆ ఫ్లాస్కు కూడా పెట్టి చూపించవచ్చు. మాటలతో ఎంత వర్ణించినా ఈ రెండు రంగుల తేడా ఒక్క దృశ్యం చెప్పినంత బాగా చెప్పలేం.

కానీ ఇక్కడితో ఆపితే మనం చేసింది సినిమా చూపించడమే అవుతుంది. ఆ వీడియోలో ఒక చోట బ్యూరెట్ కుళాయి కింద సన్నని కొనలో గాలి బుడగ కనిపిస్తుంది. సరిగ్గా అక్కడ ఆపాలి. ఆపి ప్రశ్న వేయాలి. "ఈ బుడగను అలాగే వదిలేసి టైట్రేషన్ మొదలుపెట్టాం. మధ్యలో అది జారిపోయింది. మనం లెక్కగట్టిన ఆమ్ల గాఢత అసలు కంటే ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా, తేడా రాదా?"

శ్రోతలు కూడా ఒక్క క్షణం ఆలోచించండి.

తరగతిలో ముందు ఎవరికి వారు జవాబు కాగితం మీద రాయాలి. తర్వాత పక్కవాళ్లతో వాదించుకోవాలి. ఆ తర్వాత మళ్లీ చేతులెత్తాలి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల నుంచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే. మొదటిసారి ఎత్తిన చేతులకూ, వాదన తర్వాత ఎత్తిన చేతులకూ తేడా చూస్తే నేర్చుకోవడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బుడగ జారిపోయిన ఖాళీని ద్రవం నింపుతుంది. ఆ ద్రవం ఫ్లాస్కులో పడలేదు, కానీ బ్యూరెట్ రీడింగ్‌లో మాత్రం ఖర్చయినట్టే చూపిస్తుంది. కాబట్టి ఆమ్ల గాఢత ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కకొస్తుంది. ఈ వాదనలో పాల్గొన్న పిల్లలు ల్యాబ్‌లో బ్యూరెట్ చేతికి రాగానే మొదట కుళాయి కిందే చూస్తారు.

చెప్పొచ్చేదేమిటంటే, వీడియో తీసుకోవాల్సింది చెప్పే పనిలో కొంత భాగం. అలా మిగిలిన సమయాన్ని ప్రశ్నకు, వాదనకు, లెక్కకు, చేతి పనికి ఇవ్వాలి. అమెరికాలోని కొలరాడోలో జోనథన్ బర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు 2007 ప్రాంతంలో, తరగతికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్లకు ఇంకో ఆలోచన వచ్చింది. అందరూ పాఠం ఇంటి దగ్గరే విని వస్తే, ఇంట్లో చేయాల్సిన లెక్కలు తరగతిలో మన కళ్లెదుటే చేయించవచ్చు కదా అని. వాళ్లు బడి పిల్లలకు చేసిన ఈ తిరగేసిన తరగతి తర్వాత విశ్వవిద్యాలయాల దాకా పాకింది.

అయితే ఈ ఇంట్లో చూసి రావడమన్న మాట మన దగ్గర అంత తేలిక కాదు. డిగ్రీ చదివే పిల్లలందరికీ సొంత ఫోన్ ఉండదు. ఉన్న ఒక్క ఫోన్ సాయంత్రానికి నాన్న చేతిలోనో తమ్ముడి చేతిలోనో ఉంటుంది. ఆడపిల్లలకు ఇంటికి వెళ్లగానే వంటింటి పని సిద్ధంగా ఉంటుంది. హాస్టల్‌లో గదికి నలుగురు. నెట్ బ్యాలెన్స్ నెలాఖరుకు అయిపోతుంది. అందుకే చూసి రమ్మని వదిలేయకుండా, ఐదారు నిమిషాల వీడియోను తరగతిలోనే చూపించి, మధ్యలో రెండుసార్లు ఆపి మాట్లాడించడం మన కాలేజీలకు నప్పే పద్ధతి. ఇంట్లో మళ్లీ చూసుకోగలిగినవాళ్లు చూసుకుంటారు. ఫైలు చిన్నదైతే వాట్సాప్ గ్రూపులో పంపవచ్చు. ఫోన్ లేనివాళ్ల కోసం లైబ్రరీలో ఒక కంప్యూటర్లో పెట్టవచ్చు.

భాష సంగతి కూడా చూడాలి. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ బోధన ఇంగ్లీషులోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలకు, ఇంగ్లీషులో వేగంగా సాగే వీడియో పాఠం సగం తలమీదుగా పోతుంది. ఇక్కడ స్థానిక అధ్యాపకుడి విలువ తెలుస్తుంది. వీడియోలో బొమ్మో ప్రయోగమో బాగుంటే శబ్దం తీసేసి దృశ్యం మాత్రం చూపించండి. అక్కడ ఏం జరుగుతోందో ఒక విద్యార్థి చేత తెలుగులో చెప్పించండి. తర్వాత అదే ముక్కను ఇంగ్లీషు మాటలతో వినిపించండి. విషయం ముందే తెలిసిపోయింది గనుక భాష అప్పుడు బెదిరించదు.

సొంతంగా వీడియో తీయాలనుకునే అధ్యాపకులకు రెండు మాటలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు ఓర్చుకుంటారు గానీ, మాట వినబడకపోతే చూడరు. కాబట్టి ముందు ఫ్యాన్ కట్టేయండి, కిటికీలు మూయండి, చౌకదైనా సరే కాలర్‌కు పెట్టుకునే మైకు ఒకటి కొనండి. స్లైడ్ మీదున్నది చదవకండి, రాస్తూ చెప్పండి. ఒక వీడియోలో ఒకే సంగతి చెప్పండి. ఎక్కడ ఆపాలో, ఆపి ఏమడగాలో ముందు రాసుకున్నాకే కెమెరా పెట్టండి. ప్రశ్న దొరక్కపోతే ఆ వీడియో అవసరం లేదనే అర్థం.

చివరిగా ఒక హెచ్చరిక. స్వయం కోర్సుల ద్వారా సంపాదించుకోగల క్రెడిట్ల పరిమితిని యూజీసీ 2021లో 20 శాతం నుంచి 40 శాతానికి పెంచింది. స్థానికంగా బోధించేవారు లేని సబ్జెక్టు కూడా చదువుకునే వీలు దీనివల్ల విద్యార్థులకు కలుగుతుంది, మంచిదే. కానీ ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టులో మనిషికి బదులు తెర బిగించి చేతులు దులుపుకోవడానికి ఇది సాకు కాకూడదు. ఎంతమంది చూశారన్న లెక్కతో బోధనను కొలవడమూ తప్పే. నిద్రపోతూ నడిపించినా ఆ లెక్కలో పడుతుంది. శాంటా రోసాలో ట్యూటర్‌ను తీసేస్తే మిగిలేది వట్టి టేపే.

అధ్యాపక మిత్రులారా, ఏటా ప్రతి బ్యాచ్ తడబడే పాఠం మీ సబ్జెక్టులోనూ ఒకటుంటుంది. ఈ సెమిస్టర్‌లో ఆ ఒక్కదాంతోనే మొదలుపెట్టండి. దానికి ఆరు నిమిషాల వీడియో వెతకండి, దొరక్కపోతే తీయండి. రెండు చోట్ల ఆపండి, రెండు ప్రశ్నలు అడగండి. మిగతా నలభై నిమిషాలూ మీ తరగతి మాట్లాడుతుంది. విద్యార్థి మిత్రులారా, మీరు ఒంటరిగా చూస్తున్నా సరే, ఆరు నిమిషాలకొకసారి వీడియో ఆపి, పుస్తకం మూసి, విన్నది కాగితం మీద రాసి చూడండి. రాయలేకపోయిన చోటు దొరికిందంటే, రేపు క్లాసులో అడగాల్సిన ప్రశ్న మీ చేతికి చిక్కినట్టే.